నూట ఎనభై గ్రాములు

గోడమీద పడ్డ తెల్లటి వెలుగులో ఇరవై ఆరు పేర్లు వరుసగా నిలబడ్డాయి. కృపారాణి తన పేరు కోసం మధ్యలో వెతికింది. ఈసారి మధ్యలోకైనా వచ్చి ఉంటానని ఆమె నమ్మకం. అక్కడ లేదు. ఆశ లేకపోయినా పైన ఒకసారి చూసింది. అక్కడా లేదు. కళ్ళు కిందికి దించితే అట్టడుగు వరుసలో, ఎర్రరంగులో కనబడింది. పేరు పక్కన మైనస్ రెండు వందల యాభై శాతం.

అది జగిత్యాలలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసు, మేడమీది హాలు. అక్టోబరు నడుమ పెట్టిన మీటింగు. ఇటు కోరుట్ల, అటు సిరిసిల్ల దాకా పల్లెల్లో, వాడల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు తిండి పెట్టి, నెలనెలా తూచి చూసే కేంద్రాలు ఇరవై ఆరున్నాయి వాళ్ళకు. ఒక్కో కేంద్రానికి ఒక్కో టీచరు. కృపారాణిది కోనరావుపేట అవతల ఒక చిన్న ఊరు. నెలాఖరుకు పిల్లలు సగటున ఎన్ని గ్రాములు పెరిగారో, ఎన్ని తగ్గారో రాసి పంపాలి. ఇన్నాళ్ళూ ఆ అంకె ఒక్కటే చూసేవాళ్ళు. అంతకు ముందు నెల అంకెతో పోలిస్తే అది ఎంత శాతం మారిందో తీసి, దాన్నిబట్టి వరుసలు కట్టడం ఇదే మొదలు.

"గీ శాతం లెక్క హైదరాబాద్ నుంచి వచ్చింది," అంటున్నాడు మేనేజరు శ్యాంసుందర్. ముప్పై దాటని మనిషి, మాట మెత్తన. "డబ్బులిచ్చేటోళ్ళకు గిట్లనే చూపియ్యాలె. ఆఖరున్న రెండు సెంటర్లు వచ్చే ఒకటో తారీకు నుంచి బంద్ అయితయి. గా పిల్లలను దగ్గరున్న సెంటర్లల్ల కలుపుతం. ఎవ్వరూ మనసుకు తీసుకోవద్దు."

కృపారాణి లేచి నిలబడింది. నిలబడాలని అనుకోలేదు, కాళ్ళే లేచాయి.

"సార్, నా పిల్లలు పెరిగిండ్రు."

"కూసోండ్రి మేడం."

"ఆగస్టుల వాంతులు, విరేచనాలు పట్టి తగ్గిండ్రు. ఒక్కో పిల్ల మీద నూట ఇరవై గ్రాములు తగ్గిందని నేనే రాసిచ్చిన. సెప్టెంబర్ల నూట ఎనభై పెరిగిండ్రు. పెరిగితే మైనస్ ఎట్ల అయితది సార్?"

"మీరు పంపిన అంకెలే మేడం అవి. మేం ఒక్కటి గూడ మార్చలే. తీసుడు, భాగించుడు అంతా కంప్యూటర్ చేసింది. దానికి మీ మీద కోపమా, నా మీద ప్రేమనా?"

కొందరు నవ్వారు. ఆమె కూర్చుంది. చేతిలో ఉన్న రిజిస్టరును ఒళ్ళో పెట్టుకుంది, తీసి పక్కన పెట్టింది, మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

మొదటి పేరు కోరుట్ల రాజమణిది. బీడీలు చుట్టేవాళ్ళ వాడలో ఆమె కేంద్రం. ప్లస్ మూడు వందల శాతం. ఆమెను ముందుకు పిలిచి శాలువ కప్పారు. చప్పట్లు కొట్టాల్సిన చోట కృపారాణి రిజిస్టరు అట్టను గోటితో గీకుతూ ఉండిపోయింది. శాలువ కప్పుకున్న రాజమణి ముఖం వాడిపోయి ఉంది. ఫొటో తీసే అమ్మాయి రెండుసార్లు "నవ్వండి అక్కా" అనాల్సి వచ్చింది.

మీటింగు అయిపోయాక మెట్ల దగ్గర రాజమణి వెనకనుంచి పిలిచింది. "కృపక్కా, ఒక్క మాట..."

"బస్సుకు యాళ్లయింది," అని కృపారాణి ముఖం తిప్పుకుని మెట్లు దిగిపోయింది. బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది.

*

మర్నాడు పొద్దున్నే సమ్మయ్య మనవరాలిని చంకనేసుకుని కేంద్రానికి వచ్చాడు. తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంటిపట్టునే ఉండి, ఆ పిల్లను చూసుకుంటున్నాడు. పిల్ల తల్లి సిరిసిల్లలో కుట్టుమిషన్ల షెడ్డుకు పోతుంది.

"టీచరమ్మా, సెంటర్ ఎత్తేస్తున్నరటగద. నిజమేనా?"

ఊరికి కబురు తనకంటే ముందే చేరింది. కృపారాణి దూలానికి కట్టిన తూకం సరిచూసింది. గడియారంలాంటి పళ్ళెం, దాని కింద కొక్కెం, కొక్కేనికి కాళ్ళు దూర్చే గుడ్డసంచి. సంచి ఒట్టిగా వేలాడుతున్నప్పుడు ముల్లు సున్నా మీదికి వచ్చేదాకా మరను తిప్పింది. పిల్లను అందులో కూర్చోబెట్టి, ఏడవకముందే చదవాలని వంగింది. తొమ్మిది కిలోల ఆరు వందలు.

"పోయిన నెల ఎంత ఉండె?" అన్నాడు సమ్మయ్య.

"తొమ్మిది మూడొందలు. ఆగస్టుల అయితే తొమ్మిది కూడ లేకుండె."

"మరి పెరిగె గద బిడ్డా. పెరిగితే ఎందుకు ఎత్తేస్తరు? నాలుగు కిలోమీటర్లు రోడ్డు దాటి పక్క ఊరికి గీ పోరిని రోజూ ఎవ్వలు తీస్కపోతరు? నా మోకాళ్ళు నడుస్తయా?"

ఆమె పిల్లను దించి, రాగిజావ గిన్నె అందుకుంది. చెంచాతో గిన్నె అంచును రాస్తూ చల్లార్చింది. పిల్ల నోరు తెరిచింది. ఆగస్టులో ఇదే పిల్ల చెంచా చూస్తే తల తిప్పుకునేది. అప్పుడు కృపారాణి రోజుకు నాలుగు పూటలు ఇళ్ళ చుట్టూ తిరిగింది. కాచిన నీళ్ళు, పలచటి జావ, రెండు మూడు చెంచాలు చొప్పున. ఎవరి ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే అక్కడే కాచింది. తేరుకున్నాక జావలో గుడ్డు కలిపింది. అదంతా నూట ఎనభై అని ఒక్క అంకెలో రాసి పంపింది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఇరవై పేర్ల పక్కన అంకెలన్నీ వేలితో అదుముతూ మళ్ళీ కూడింది. ఆగస్టులో అందరిదీ కలిపి రెండు వేల నాలుగు వందల గ్రాములు తగ్గుదల. సెప్టెంబరులో మూడు వేల ఆరు వందలు పెరుగుదల. ఇరవైతో భాగిస్తే నూట ఇరవై, నూట ఎనభై. తప్పేమీ లేదు. తప్పు దొరికితే బాగుండుననిపించింది. తప్పయితే దిద్దుకోవచ్చు.

సాయంత్రం భర్త ప్రభాకర్ సిరిసిల్ల నుంచి సాంచాల మీద బట్ట నేసే పని దిగి వచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని ఫోన్లో లెక్క చేస్తోంది. పొయ్యి మీద అన్నం మాడు వాసన వస్తోంది. ప్రభాకర్ వెళ్ళి దించాడు.

"ఏందే, ఇంకా గా లెక్కనేనా?"

"నూట ఇరవై కిందికెల్లి నూట ఎనభై మీదికి వస్తే మొత్తం మూడు వందలు ఎక్కినట్టు. అవునా?"

"అవును."

"మూడు వందలను నూట ఇరవైతోని భాగిస్తే రెండున్నర. శాతంల రెండు వందల యాభై. అంకె వాళ్ళకొచ్చిందే నాకూ వచ్చింది. మరి గా మైనస్ ఎక్కడికెల్లి వచ్చింది?"

ప్రభాకర్ మాడిన గిన్నెను తొట్టి దగ్గర పెట్టి, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "కంప్యూటర్‌తోని కొట్లాడుతవా ఏంది? ఇంకో పని చూసుకుందువుగాని తియ్యి."

"నా పని గురించి కాదు."

"మరి?"

ఆమె లేచి వాకిట్లోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. "రేపు పొద్దుగాల జగిత్యాల పోతున్న," అంది వాకిట్లోంచే.

*

మేనేజరు బయటికి పోయాడు. కంప్యూటర్ ముందు అలేఖ్య ఒక్కతే ఉంది. మొన్న ఫొటోలు తీసిన అమ్మాయే, డిగ్రీ అయి ఈ మధ్యే చేరింది.

"అక్కా, సార్ పదకొండు తర్వాత వస్తడు."

"సార్‌తోని తర్వాత మాట్లాడుత. నా వరుస ఒక్కసారి తియ్యి బిడ్డా."

అలేఖ్య తీసింది. మైనస్ నూట ఇరవై, పక్కన నూట ఎనభై, దాని పక్కన ఎర్రగా మైనస్ రెండు వందల యాభై.

"గా నూట ఎనభై తీసేసి నాలుగు వందలు కొట్టు."

"ఎందుకక్కా?"

"పిల్లలు ఇంకా మంచిగ పెరిగిండ్రు అనుకో. కొట్టు."

అలేఖ్య కొట్టింది. ఎర్ర అంకె మైనస్ నాలుగు వందల ముప్పై మూడుకు పడిపోయింది. అమ్మాయి కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వంగింది.

"ఇప్పుడు అది తీసేసి, ఆగస్టుల ఎంతుందో గదే కొట్టు. మైనస్ నూట ఇరవై. అంటే మళ్ళా అంతే తగ్గిండ్రు, నేను ఏం జెయ్యలే."

సున్నా శాతం. అంకె నల్లగా మారింది. కంప్యూటర్ తనంతట తనే వరుసలు సర్దుకుంటే, కృపారాణి పేరు అడుగునుంచి ఎగిరి పదిహేనో చోట నిలబడింది.

"చూసినవా? నేను చేతులు కట్టుకొని కూసుంటే నా సెంటర్ ఉంటుండె." ఆమె గొంతు పెరిగింది. "ఎంత మంచిగ చేస్తే అంత కిందికి పోతున్న. గిదేం లెక్క?"

అలేఖ్య కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. "కొత్త దాంట్లకెల్లి పాతది తియ్యాలె, పాతదాంతోని భాగించాలె. పాతది మైనస్ ఉంటే... పైన మూడు వందలు ప్లస్, కింద నూట ఇరవై మైనస్. ప్లస్‌ను మైనస్‌తోని భాగిస్తే మైనస్సే వస్తదక్కా. పాత అంకె సున్నా కిందికి ఉన్నోళ్ళందరికీ గిది ఉల్టా చూపిస్తది."

ఉల్టా అన్న మాట ఇద్దరికీ ఒకేసారి తగిలింది.

"అయితే రాజమణిది?" అంది కృపారాణి.

అలేఖ్య మొదటి వరుస మీద నొక్కింది. ఆగస్టు మైనస్ యాభై. సెప్టెంబరు మైనస్ రెండు వందలు. తేడా మైనస్ నూట యాభై, దాన్ని మైనస్ యాభైతో భాగిస్తే ప్లస్ మూడు, అంటే మూడు వందల శాతం, ఆకుపచ్చగా మెరిసిపోతోంది. రాజమణి పిల్లలు ఒక్క నెలలో తలా రెండు వందల గ్రాములు కరిగిపోయారు. వాళ్ళ టీచరుకే శాలువ కప్పారు.

"నేనే ఫొటో తీసిన," అంది అలేఖ్య చిన్నగా.

శ్యాంసుందర్ వచ్చేసరికి ఆ కాగితం బల్లమీద సిద్ధంగా ఉంది. మొదట నిలబడే చదివాడు. తర్వాత కూర్చుని చదివాడు. ముఖం ఎర్రబడింది. కానీ తేరుకోవడం తెలిసిన మనిషి.

"సరే మేడం, తప్పు జరిగింది. చిన్నదే. భాగించే కాడ మైనస్ గుర్తు తీసేస్తే అయిపాయె. అలేఖ్యా, మార్చు." అమ్మాయి మార్చింది. పేర్లు తారుమారయ్యాయి. "చూడండ్రి, ఇప్పుడు మీరే ఫస్టు. ప్లస్ రెండు వందల యాభై. వచ్చే మీటింగుల మీకు శాలువ. ఖుషీయేనా?"

ఖుషీ కావాల్సిందే. కృపారాణి పైవరుసలో తన పేరు చూసుకుంది. వెంటనే చూపు అడుగుకు జారింది. రాజమణి, మైనస్ మూడు వందలు, ఎర్రగా.

"మరి రాజమణి సెంటర్?"

"ఆఖరి రెండు బంద్ అని మొన్ననే చెప్పిన గద. రూల్ అందరికీ ఒక్కటే."

"పిల్లలు చిక్కిపోతున్నరని తెలిసినంక ఎత్తేస్తరా సార్?"

శ్యాంసుందర్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు. అలేఖ్య తలెత్తకుండానే అంది: "సార్, గంభీరావుపేట దిక్కు సెంటర్ మైనస్ ఇరవై నుంచి ప్లస్ ఇరవైకి వచ్చింది. నలభై గ్రాములు మారితే వాళ్ళకు రెండొందల శాతం. కృపక్కకు మూడొందల గ్రాములు మారితే రెండొందల యాభై. గుర్తు తీసేసినా సరిగ్గ లేదు సార్. సున్నా దాటినకాడ శాతమే పనికిరాదేమో."

"శాతం లేకుంటే హైదరాబాదోళ్ళకు ఏం చూపియ్యాలె?"

"గ్రాములు చూపియ్యున్రి," అంది కృపారాణి. "తూకంల ఏమొస్తదో గదే. నాకు ఫస్టు వద్దు, శాలువ వద్దు. నా పిల్లలు నూట ఎనభై గ్రాములు పెరిగిండ్రు, గది రాస్తే చాలు."

"నేను అడిగి చెప్తా," అన్నాడు శ్యాంసుందర్. అడగడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేదు.

*

బస్టాండులో ఊరివైపు పోయే వేములవాడ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కితే సాయంత్రానికల్లా ఇంట్లో ఉండొచ్చు. కృపారాణి మెట్టు మీద కాలు పెట్టి, దించింది. కండక్టర్ "వస్తవా రావా తల్లీ" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, గేటు దగ్గర మలుపు తిరుగుతున్న కోరుట్ల బస్సుకు చెయ్యెత్తి పరుగుపెట్టింది.

దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంది. నేను నా లెక్క సరిచేయించుకున్నాను, అందుకని నీ కేంద్రం పోతోంది. ఎలా తిప్పినా ఆ వాక్యం అలాగే వచ్చింది. కిటికీ అద్దం గడగడా కొట్టుకుంటోంది. రెండు చేతులతో పట్టుకుంది, అయినా ఆగలేదు.

రాజమణి కేంద్రం తలుపు తీసే ఉంది. లోపల పదిహేనుమంది పిల్లలుంటారు. అంతమంది ఉన్న గదిలో ఉండాల్సిన చప్పుడు లేదు. గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఒకడు చేతిలో గుడ్డుముక్క పట్టుకుని తినకుండా చూస్తున్నాడు. రాజమణి ఒళ్ళో రెండేళ్ళ పిల్ల మగతగా పడుకుని ఉంది. కప్పిన గుడ్డ జగిత్యాలలో ఇచ్చిన శాలువే.

"కృపక్కా!" రాజమణి లేవబోయి ఒళ్ళో పిల్లను చూసి ఆగింది. "నువ్వు గిట్ల..."

"నేను ఒకటి చెప్పాలె రాజక్కా." నిలబడే చెప్పింది కృపారాణి, కూర్చుంటే చెప్పలేనని. లెక్క ఎలా తలకిందులైందో, ఎవరిది ఎక్కడికి మారిందో, అడుగు వరుసలో ఇప్పుడు ఎవరి పేరుందో, ఒక్కటీ దాచలేదు.

అంతా విన్నాక రాజమణి ఒళ్ళో పిల్ల మీద శాలువ సర్దింది.

"ఎర్రగ వచ్చిందా?"

"వచ్చింది."

"ఇప్పటికన్న వచ్చింది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడంతా జరాలు కృపక్కా. ఇంటింటికీ. తల్లులు బీడీల చాటల ముందరికెల్లి లేస్తే పూట గడవదు. పిల్లలు ముద్ద ముడ్తలేరు. డాక్టర్ను పంపుండ్రి అని మన సార్‌కు రెండుసార్లు ఫోన్ చేసిన. ఆఖరుసారి ఏమన్నడో ఎరికేనా? 'మీది ఫస్టు వచ్చిందమ్మా, ఫస్టు వచ్చినోళ్ళకు డాక్టర్ ఎందుకు, ఎన్కపడ్డోళ్ళను చూసుకోనియ్యి' అన్నడు. మొన్న గా మెట్ల కాడ నిన్ను పిలిచిన గద? నీ పిల్లలు విరేచనాలకెల్లి ఎట్ల లేసిండ్రో అడుగుదామని పిలిచిన. ఏం పెట్టినవ్, ఎట్ల పెట్టినవ్ అని."

కృపారాణికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బస్సుకు యాళ్లయిందని తను చెప్పిన అబద్ధం ముప్పావుగంట పొడవున గుర్తొచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుంది.

"పొయ్యి యాడుంది?" అంది.

రాగిపిండి కలుపుతూ చెప్పింది. చిక్కగా వద్దు, జరం పిల్ల మింగదు. ఉప్పు చిటికెడు, బెల్లం చిన్న ముక్క. గిన్నెనిండా చూపిస్తే భయపడతరు, మూడు చెంచాలు పోసి చూపియ్యి. అయిపోయినంక ఇంకో మూడు. పక్కన రాజమణి ఫోన్ చెవికి ఆనించి మాట్లాడుతోంది.

"సార్, నేను కోరుట్ల రాజమణిని. నన్ను ఆఖరుకు పెట్టిండ్రట, మంచిది. ఎర్రగనే ఉంచుండ్రి. శాలువ గూడ వాపస్ ఇస్త. కాని ఒక్కసారి వచ్చి మీ చేతులతోని తూచుండ్రి. తూచినంక బంద్ చేస్తే చేసుకోండ్రి. నేను అడ్డం రాను."

అవతల ఏదో అన్నాడు. రాజమణి ఫోన్ దించి, "వస్తడట," అంది నమ్మకం లేనట్టుగా.

వచ్చాడు. మూడు దాటాక ఆఫీసు కారు వాడ మొదట్లో ఆగింది. శ్యాంసుందర్, వెనక రిజిస్టరు పట్టుకుని అలేఖ్య. గుమ్మంలో చెప్పులు విడిచి, గోడకు ఆనుకున్న పిల్లలను చూసి అతను అక్కడే కాసేపు నిలబడ్డాడు. అంకెలు తప్ప ఈ కేంద్రం పిల్లలను అతను ఎప్పుడూ చూడలేదు.

మొదటి పిల్లవాణ్ణి గుడ్డసంచిలో కూర్చోబెట్టడానికి అతనికి చేతకాలేదు. ఒక కాలు దూర్చేలోపు ఇంకో కాలు బయటికి వచ్చింది. రాజమణి సాయం చేయబోతే వద్దన్నాడు. చివరికి కూర్చోబెట్టి, ముల్లు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. పోయిన నెల ఎంత?"

"తొమ్మిది నూట యాభై," అలేఖ్య చదివింది.

"రెండు వందల యాభై తక్కువ," అన్నాడు. ఆ అంకెను మళ్ళీ ఒకసారి తనలో తనే అనుకున్నాడు. పిల్లవాడి చెయ్యి అతని చొక్కా గుండీని పట్టుకుని ఉంది, దాన్ని విడిపించడానికి అతను తొందరపడలేదు.

రెండో పిల్ల. మూడో పిల్ల. ఏడోవాడి దగ్గర ఆగి, బయటికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. సాయంత్రం ఆరులోపు డాక్టర్ రావాలని గట్టిగా చెప్పడం లోపలికి వినబడింది. హైదరాబాద్‌కు చేసిన ఇంకో ఫోన్‌లో మాట కాస్త తగ్గింది. "లేదు సార్, బంద్ ఉత్తరాలు నాలుగూ ఆపిన. మొన్నటి లెక్కల ఆఖరివి రెండు, ఇయ్యాల దిద్దినంక ఆఖరివి రెండు. శాతం కాలమ్ తీసేస్తున్న. మీరు ఏమన్నా అనుకోండ్రి. నేను ఇక్కడ తూకం ముందర నిలబడి మాట్లాడుతున్న."

పదిహేనుమందినీ తూచేసరికి అతని చొక్కా నలిగి, భుజం మీద ఒక పిల్ల చీమిడి అంటుకుని ఉంది. కృపారాణి మూలన శాలువ కప్పిన పిల్లను ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. కోరుట్ల నుంచి సిరిసిల్ల బస్సు ఒకటి అప్పటికే వెళ్ళిపోయింది, ఇంకోటి ఆరుకు ఉంది. శ్యాంసుందర్ ఆమె ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"మేడం, మొన్న మీటింగుల నేను నవ్విచ్చిన. గది తప్పు."

పిల్ల పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. కృపారాణి చెంచాను కింది పెదవికి ఆనించి, జావ నాలుక మీదికి జారేదాకా కదలకుండా పట్టుకుంది. పిల్ల మింగింది. గొంతు కదలడం ఇద్దరూ చూశారు.

"జర జరుగు సార్," అందామె తల ఎత్తకుండా. "వెలుతురు పడ్తలేదు. ఇంకో రెండు చెంచాలు తాగుతది."